పాము కోసం వెళ్లకండి, కప్పతో మొదలుపెట్టండి: పుదుచ్చేరిలో చిన్న జీవులను వెతకడం ఎలా?

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లలో చాలామందికి మొదటి రాత్రే నాగుపాము కనబడాలని ఉంటుంది. నా మాట విని కప్పతో మొదలుపెట్టండి. కప్పలు అరిచే చోటు తెలిస్తే నీళ్లెక్కడ నిలుస్తాయో తెలుస్తుంది. నీళ్లున్న చోట పురుగులుంటాయి. ఆ వెనకే నీరుకట్టె, జెర్రిపోతు వాటంతటవే వస్తాయి.

ఇందుకు పుదుచ్చేరిని మించిన ఊరు దొరకడం కష్టం. చెరువుల్లో నాచు మధ్య తల మాత్రం పైకి పెట్టి తేలే పెద్ద ఆకుపచ్చ కప్పను 1834లో ఫ్రెంచి శాస్త్రవేత్త లెసన్ లోకానికి పరిచయం చేసింది ఇక్కడి నమూనాతోనే. మనం రోజూ చూసే తొండకు 1802లో మరో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ శాస్త్రీయ నామం పెట్టాడు. ఆయన చూసిన అసలు నమూనాలు తర్వాత పోయాయి. 2016లో వాటి స్థానంలో ప్రామాణిక నమూనాగా శాస్త్రవేత్తలు ఎంచుకున్నది పుదుచ్చేరి తొండనే. ఇక్కడి పార్కు గోడ మీద తలాడిస్తున్న తొండను చూస్తున్నప్పుడు, ఆ పేరున్న తొండలన్నిటికీ కొలబద్ద అయిన రకాన్ని దాని సొంత ఊళ్లోనే చూస్తున్నారన్నమాట.

ముందు కాలం చూసుకోండి. స్పెయిన్, గ్రీసు దేశాల్లో ఈ సరదా ఉన్నవాళ్లు వసంతంలో, పొద్దెక్కి రాళ్లు వెచ్చబడే వేళ బయల్దేరతారు. అక్కడి బల్లులకూ పాములకూ చలి వదలాలంటే ఎండ కావాలి. ఇక్కడ మనకు కావలసింది వాన, చీకటి. పుదుచ్చేరికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. పొద్దుటి నుంచి కురిసిన వాన సాయంత్రానికి తెరిపిచ్చిందంటే ఆ రాత్రి వదులుకోకండి. బోదురుకప్ప మగవి పసుపు రంగు తిరిగి నీటిగుంటల్లో పోటీపడి అరుస్తాయి. ఎండాకాలం చివరి జల్లులకూ ఫలితం ఉంటుంది. మనవాళ్లు ఆరుద్ర కార్తెలో ఎదురుచూసే ఆ ఎర్ర మఖమలు పురుగు కోసం వాన వెలిసిన పొద్దున ఎర్రమట్టి నేలలు చూడండి. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు. సాలీడుకు, తేలుకు చుట్టం.

సామాను తక్కువే. చీలమండలు కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు, హెడ్‌టార్చి, చేతిలో మరో టార్చి, పొడవాటి కర్ర. కొంచెం డబ్బుంటే అతినీలలోహిత కాంతి టార్చి ఒకటి కొనండి. చీకట్లో ఆ వెలుగు పడగానే తేలు నీలిపచ్చగా మెరుస్తుంది.

పగలు ఊళ్లోనే తిరగండి. 1826లో మొదలైన బొటానికల్ గార్డెన్‌లో పెద్ద చెట్ల బెరడు మీద తొండలు, రాలిన ఆకుల్లో నలికిరులు, ఆకుల మీద గెంతే సాలీళ్లు కనబడతాయి. ఒక్కో చెట్టు దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడండి. నడుస్తూ పోతే ఏమీ దొరకదు. బీచి రోడ్డు కింద పరిచిన బండరాళ్ల మీది పీతలూ మన జాబితాలోవే. అరియాంకుప్పం వైపు మడ అడవుల అంచున, నీరు వెనక్కి తీసిన వేళ చూస్తే, ఒంటి పెద్ద డెక్కను ఊపుతూ ఆడపీతను పిలిచే చిన్న మగపీతలు బురదంతా కనబడతాయి. ఊసుటేరి చెరువు పక్షుల అభయారణ్యం కాబట్టి పగటిపూట అనుమతి ఉన్న మేరకే వెళ్లండి. ఆరోవిల్ అడవుల్లోకైతే అక్కడివాళ్లను అడగనిదే అడుగుపెట్టకండి.

రాత్రి టార్చి పట్టే పద్ధతి ముఖ్యం. చేతిని కిందికి దించి నేలకు వెలుగు వేస్తే లాభం లేదు. టార్చిని కంటి పక్కన, కణత దగ్గర పెట్టి గడ్డి మీదికి చూడండి. మంచుచుక్కల్లా మెరిసేవాటిలో కొన్ని దగ్గరికి వెళ్లినా ఆరవు. అవి వేట సాలీళ్ల కళ్లు. వాటిలో ఏదైనా తల్లి అయితే వీపంతా పిల్లలుంటాయి. మొదట్లో దూరం వెళ్లక్కర్లేదు. ఇంటి ఆవరణ, వీధి దీపం కింది గోడ, నీళ్ల తొట్టి చాలు. చెట్టుకప్ప బాత్‌రూములోకే వచ్చేస్తుంది. అది నీటికి పైన అంటించిన నురగ గూట్లో గుడ్లుంటాయి, ముట్టుకోకండి. దోమల మందు రాసుకున్న చేత్తో ఏ కప్పనూ తాకకండి. దాని చర్మం అన్నిటినీ పీల్చుకుంటుంది.

రాయి ఎత్తాల్సి వస్తే అవతలి అంచును కర్రతో లేపి మీ వైపుకు వంచండి. లోపలున్నది అటు పారిపోతుంది, మీకు రాయి అడ్డుంటుంది. చూశాక ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టండి. ఆ తడి పోతే కింద ఉన్నవన్నీ చస్తాయి. కన్నాల్లో, పుట్టల్లో చెయ్యి పెట్టొద్దు.

ఇక పాములు. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి బొమ్మలూ కంఠతా వచ్చేదాకా రాత్రి ఒంటరిగా వెళ్లకండి. వచ్చాక కూడా ఏ పామునూ పట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఒప్పుకోదు, మీ ప్రాణమూ ఒప్పుకోదు. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు, కాబట్టి అనుమానమున్నా ఆసుపత్రికే. కట్టు బిగించడం, కోయడం, పీల్చడం, మంత్రం వేయించడం వద్దు. కాటుపడ్డ కాలో చెయ్యో కదలనివ్వకుండా గోరిమేడులోని జిప్‌మర్‌కు తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. తేళ్లలో నల్లగా పెద్దగా ఉన్నదాని కంటే చిన్న ఎర్రతేలు ప్రమాదం. దాని కాటుకు ప్రజోసిన్ మాత్ర పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ చూపించాక ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

చూసింది రాసిపెట్టండి. తేదీ, వేళ, వాన పడిందా లేదా, ఫొటో. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లోనో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. ఒక్క జాగ్రత్త: నక్షత్ర తాబేలు కనబడితే అది ఉన్న చోటు మాత్రం బయటపెట్టకండి. దాన్ని పట్టి అమ్ముకునేవాళ్లూ ఆ ఫొటోలు చూస్తుంటారు.