తొలి గెలుపు, తొలి ఓటమి

పాఠ్యభాగములు: 1 రాజులు 20:1-21, అపొ. కార్య. 13:13, 15:37-38, 2 తిమోతి 4:11

బాస్కెట్‌బాల్ అనునది ఎత్తున కట్టిన వలలో బంతి వేయు ఆట. వేదాంతవిద్య నేర్చిన జేమ్స్ నైస్మిత్ 1891లో అమెరికాలోని వై.ఎం.సి.ఎ. వారి పాఠశాలలో దీనిని కల్పించెను. నేడు అచ్చట జీతమునకు ఆడు పెద్ద జట్లు సీజనుకు 82 ఆటలాడును.

2015లో గోల్డెన్ స్టేట్ జట్టు మొదటి 24 ఆటలును వరుసగా గెలిచెను. మొత్తము 73 గెలిచెను. అంతకుమునుపు ఏ జట్టును అన్ని గెలువలేదు. అయినను 2016 జూనులో కడపటి పోటీలో క్లీవ్‌లాండ్ చేతిలో ఓడెను. మరుసటి సీజనులో మయామి జట్టు మొదటి 41 ఆటలలో 30 ఓడి, మిగిలిన 41లో 30 గెలిచెను! శిక్షకుడు మారలేదు. అయినను తుది పోటీలలో దానికి చోటు దొరకలేదు. పోయిన ఆటలు పోయినవే.

బెన్హదదు 32 మంది రాజులతో గుడారములలో త్రాగుచు, గెలుపు తనదేయని తలంచెను. యుద్ధమునకు బయలుదేరువాడు గెలిచి వచ్చినవానివలె గొప్పలు పలుకరాదని అహాబు కబురంపెను. అహాబు మంచివాడు కాడు గాని, ఈ మాట మంచిది. బెన్హదదు గుఱ్ఱమెక్కి పారిపోయెను.

మార్కు సంగతి వేరు. అతడు పంఫూలియలోనే వెనుదిరిగెను. పౌలు అతనిని మరల వెంటబెట్టుకొన నొల్లలేదు. అయితే చెరలోనుండి వ్రాయుచు, అతనినే తోడుకొని రమ్మనెను.

ఉజ్జీవకూటముల తరువాత మన మందిరములు నిండును. నాట్లవేళకు సగము చాపలు ఖాళీ. బాప్తిస్మము పొందిన ఏడాదిలోనే త్రాగుడుకు మళ్లిన కుఱ్ఱవాని పేరు సంఘపు పుస్తకములో కొట్టివేయుదుము. ఆ పేర్లు ఈ నెల పెద్దల కూటములో మరల చదివి, ఎవరి యింటికి ఎవరు వెళ్లవలెనో నిర్ణయించుకొందము.