హార్మోనియం మీద మొదట ఏ పాట?

హార్మోనియం కొత్తగా పట్టినవాళ్ళు సినిమా పాటతో మొదలెడతారు. నా ఓటు గొబ్బి పాటకే. మన తుని వైపు ధనుర్మాసంలో వినేదే కాబట్టి వరస చెవిలో ఉంటుంది. తక్కువ స్వరాల్లో తిరుగుతుంది, చరణం మారినా వరస మారదు. ఎడం చేయి గాలి కొడుతుంటే కుడి చేతికి అంతకంటే పని పెట్టకూడదు. యూట్యూబ్ కంటే ముందు అమ్మమ్మనో నాయనమ్మనో పాడమని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక్కో ఇంట్లో వరస కాస్త మారుతుంది, ఆ తేడా ఇంకెక్కడా దొరకదు.

తర్వాత కోలాటం పాట, వేగం కోసం.

లాలి పాట సులువనుకుంటాం గానీ అందులో స్వరం జారుతుంది. హార్మోనియం మెట్టు జారదు. 1940లో ఆలిండియా రేడియో ఈ పెట్టెని నిషేధించడానికి గమకం పలకదన్నది ఒక కారణం. 1971లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. లాలికి శ్రుతి మాత్రం పట్టి ఉంచండి, జారుడు సంగతి పాడేవాళ్ళ గొంతు చూసుకుంటుంది.