వెల్డింగు నేర్చుకునేవాడు ఏం తొడుక్కోవాలి?

రెండు ఇనుప ముక్కల అంచులను కరిగించి ఒకటిగా అతికించడాన్ని వెల్డింగు అంటారు. మన ఊళ్ళల్లో ఇప్పుడు దీని అవసరం పడని ఇల్లు లేదు. సైకిలు క్యారియర్ విరిగినా, ఇనుప మంచం పట్టీ ఊడినా, గేటు బందు తెగినా సంత దారిలో ఉన్న వెల్డింగు షాపుకి మోసుకుపోతాం. ఈ మధ్య చేత్తో పట్టుకుపోయే చిన్న మిషన్లు వచ్చాయి. అందువల్ల కొందరు ఇంటి దగ్గరే మిషను పెట్టుకొని సొంత పనులు చేసుకుంటున్నారు. మా మేనమామ అటువంటివాడే. ఆయన చేసేది వ్యవసాయం, వెల్డింగు సరదా కోసం నేర్చుకున్నాడు. సెలవుల్లో ఆయన దగ్గర చూసినవి, మన సైన్సు పాఠాల్లో చదివినవి కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. మనలో చాలామంది పది పాసయ్యాక ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడులో చేరాలనుకుంటున్నారు. అది ఒక ఏడాది కోర్సు. కాబట్టి మిత్రులారా, ఇది మనకి పనికొచ్చే పాఠమే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. పని బాగా వచ్చినవాడి కంటే నేర్చుకునేవాడికే రక్షణ ఎక్కువ కావాలి. ఎందుకంటే కొత్తవాడు తల బాగా దగ్గర పెట్టి చూస్తాడు. రాడ్డు ఇనుముకి అంటుకుపోతుంది, లాగితే మెరుపు వస్తుంది. షీల్డు ముఖానికి అడ్డం పెట్టుకోకముందే రాడ్డు తగిలిపోతుంది. "ఒక్క చుక్కే కదా" అని కళ్ళు మూసుకొని అతికించేది కూడా కొత్తవాడే.

అపాయాలు ఎన్ని?

అపాయాలు అయిదు. 1. వెలుగు. 2. నిప్పురవ్వలు. 3. వేడి. 4. పొగ. 5. కరెంటు. మనం తొడుక్కునే ప్రతి వస్తువూ వీటిలో ఒకదానికో రెండింటికో అడ్డం. ఏ వస్తువు దేనికి అడ్డమో తెలిస్తే కొనేటప్పుడు మోసపోము.

ఇనుము 1538 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. రాడ్డు కొసన వచ్చే మెరుపుని ఆర్కు అంటారు. దాని వేడి 5000 డిగ్రీలు దాటుతుంది. అంత వేడి నుంచి కంటికి కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు, పరారుణ కిరణాలు కూడా వస్తాయి. అసలు దెబ్బ ఈ కనిపించని వాటిదే.

కళ్ళు, ముఖం

అతినీలలోహిత కిరణాలు కంటి ముందున్న పారదర్శకమైన పొరని, అంటే కార్నియాని, కాలుస్తాయి. ఎండకి చర్మం కమిలినట్టే ఇది కూడా. కానీ ఆ క్షణాన ఏమీ తెలియదు! సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడుతుంది. అంటే పగలు చూస్తే రాత్రి నిద్రలో మొదలవుతుంది. కళ్ళల్లో ఇసుక పోసినట్టు గరగర, నీళ్ళు కారడం, దీపం చూడలేకపోవడం. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కదా అని మళ్ళీ మళ్ళీ చూడకూడదు. పరారుణ కిరణాల వేడి ఏళ్ళ తరబడి తగిలితే కంట్లో శుక్లం రావచ్చు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగు పొగని, వెల్డింగు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా నిర్ణయించింది.

కళ్ళు మండితే కొందరు బంగాళాదుంప ముక్కలు పెట్టుకుంటారు, ఆకు పసరు, పాలు పోసుకుంటారు. పసరు, పాలు కంట్లో పోస్తే లేని క్రిములు చేరతాయి. కళ్ళు నలపకుండా, చీకటి గదిలో ఉండి, డాక్టరు గారికి చూపించుకోవాలి. మంట తెలియకుండా చేసే మత్తు చుక్కలు సొంతంగా వేసుకోకూడదు. వాటివల్ల పుండు మానదు.

నల్ల అద్దానికి ఒక నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ నలుపు పెరుగుతుంది. రాడ్డుతో చేసే కరెంటు వెల్డింగుకి ఈ లెక్క గుర్తుపెట్టుకోండి:

60 ఆంపియర్ల లోపు: కనీసం 7 నంబరు.
60 నుంచి 160 ఆంపియర్లు: కనీసం 8, మంచిది 10.
160 నుంచి 250 ఆంపియర్లు: కనీసం 10, మంచిది 12.

ఇంటి పనికి ఎక్కువగా వాడేవి 2.5, 3.15 మిల్లీమీటర్ల రాడ్లు. షాపుల్లో వీటినే 12 గేజి, 10 గేజి అంటారు. ఇవి రెండో వరసలోకి వస్తాయి. కాబట్టి 10 నంబరు అద్దం అడగాలి. ముందు నలుపు ఎక్కువున్న దానితో మొదలుపెట్టి, కరిగిన ఇనుము సరిగా కనిపించకపోతే ఒక నంబరు తగ్గించుకోవచ్చు. కనీసం కంటే కిందికి పోకూడదు.

గ్యాసు వెల్డింగువాళ్ళు పెట్టుకునే గుండ్రటి గాగుల్సు 4, 5, 6 నంబర్లవి. గ్యాసు మంటకి అవి చాలు, ఆర్కుకి చాలవు. పైగా ముఖమూ మెడా కాలిపోతాయి. బజారులో అమ్మే చలవ కళ్ళద్దాలు ఒకటి మీద ఒకటి రెండు పెట్టుకున్నా, ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టుకున్నా పనికిరావు.

షీల్డు రెండు రకాలు. చేత్తో పట్టుకునేది చవక, కానీ ఒక చెయ్యి దానికే పోతుంది. తలకి తగిలించుకునే హెల్మెట్ అయితే రెండు చేతులూ ఖాళీ. కొత్తవాడికి ఇదే మేలు. ఆర్కు రాగానే తనంతట తానే నల్లబడే హెల్మెట్లు కూడా వచ్చాయి. అవి నల్లబడక ముందు కూడా కనిపించని కిరణాలని ఆపుతూనే ఉంటాయి. కానీ బ్యాటరీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఏ రకమైనా నల్ల అద్దం ముందు ఒక మామూలు తెల్ల అద్దం ఉండాలి. రవ్వలు దాని మీద పడతాయి, పాడైతే అది ఒక్కటే మార్చుకోవచ్చు. వాడే ముందు షీల్డుని బల్బుకి ఎదురుగా పెట్టి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనిపిస్తే పగులు ఉన్నట్టే.

షీల్డు లోపల మామూలు తెల్లని సేఫ్టీ కళ్ళద్దాలు కూడా పెట్టుకోవాలి. అతుకు మీద గట్టిపడిన చిట్టెం సుత్తితో కొట్టేటప్పుడు అందరూ షీల్డు ఎత్తేస్తారు. చిట్టెం ముక్క ఎగిరి కంట్లో పడేది అప్పుడే. గ్రైండర్ పట్టేటప్పుడూ అంతే.

బట్టలు

ఇక్కడ మనకి డబ్బు ఖర్చు లేదు, తెలివి కావాలి. నైలాను, పాలియెస్టరు బట్ట మీద రవ్వ పడితే బట్ట కరిగి చర్మానికి అతుక్కుపోతుంది. లాగితే చర్మం కూడా వస్తుంది. నూలు బట్ట కాలుతుంది కానీ కరగదు. అందుకని ముతక నూలు బట్ట, నూలు జీన్స్ ప్యాంటు మంచివి. మన యూనిఫాం చాలావరకు టెరికాటన్, అంటే పాలియెస్టర్ కలిసినది. అది వేసుకొని వెల్డింగు దగ్గరికి పోకూడదు.

ఏది నూలు, ఏది కాదు అని ఎలా తెలుస్తుంది? చిన్న ప్రయోగం ఉంది. బట్ట అంచు నుంచి ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకొని పెద్దవాళ్ళ ఎదుట వెలిగించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకొని కరిగి గట్టి పూసలా అవుతుంది. కలిపిన బట్ట అయితే బూడిదలో గట్టి పలుకులు చేతికి తగులుతాయి.

బట్ట దొరికాక వేసుకునే తీరు కూడా ఉంది.

చొక్కా పూర్తి చేతులది, ముదురు రంగుది. తెల్ల చొక్కా వెలుగుని షీల్డు లోపలికి తిప్పి కొడుతుంది.
మెడ దాకా గుండీలు పెట్టాలి. లేకపోతే మెడ కింద మూడు మూలల ఆకారంలో ఎర్రగా కమిలిపోతుంది.
ప్యాంటు కింద మడత పెట్టకూడదు. మడతలో రవ్వ పడి కూర్చుంటుంది. మూత లేని జేబూ అంతే. జేబులో అగ్గిపెట్టె, లైటరు ఉండకూడదు.
నూనె, గ్రీజు అంటిన బట్ట నూలుదైనా పనికిరాదు.
చున్నీ, లుంగీ, తువ్వాలు వద్దు. జడ లోపలికి ముడిచి నూలు గుడ్డ కట్టుకోవాలి.
ఉంగరం, కడియం తీసెయ్యాలి. అవి వేడెక్కుతాయి, కరెంటుకి దారి ఇస్తాయి.

ఎక్కువసేపు చేసేవాళ్ళకి తోలు ఏప్రాన్ ఉంటే మంచిది.

చేతులు, కాళ్ళు

చేతికి మోచేతి వైపు పొడుగ్గా వచ్చే తోలు గ్లౌజులు కావాలి. రబ్బరువి, అల్లినవి వద్దు. గ్లౌజులు పొడిగా ఉండాలి. వెల్డింగు మిషనుకి పని మొదలుపెట్టక ముందు కూడా హోల్డరు దగ్గర 50 నుంచి 80 వోల్టులు ఉంటాయి. చెమట పట్టిన చేతికి, తడి నేల మీద నిలబడిన మనిషికి అది ప్రాణాపాయమే. వానాకాలం మన వైపు నేల ఆరదు, కాబట్టి పొడి చెక్క మీద నిలబడాలి. గ్లౌజు ఉంది కదా అని కాలిన ఇనుముని పట్టుకోకూడదు. తోలు ముడుచుకొని గట్టిపడిపోతుంది. దానికి పటకారు ఉంది.

కాళ్ళకి చీలమండ దాటే తోలు బూట్లు. హవాయి చెప్పులు వద్దే వద్దు. ప్యాంటు బూటు మీదుగా బయటికి ఉండాలి. బూటు లోపలికి దోపితే రవ్వ నేరుగా లోపలికి జారుతుంది.

పొగ

ముక్కుకి కట్టుకున్న రుమాలు దుమ్ముకి అడ్డం అవుతుంది కానీ వెల్డింగు పొగకి కాదు. పొగలోని రేణువులు చాలావరకు ఒక మైక్రాను కంటే చిన్నవి. ఎన్95 రకం మాస్కు ముఖానికి బిగుతుగా కూర్చుంటే రేణువులని ఆపుతుంది, గ్యాసులని ఆపదు. అందుకని మాస్కు కంటే ముందు గాలి ముఖ్యం. ఆరుబయట, గాలి పక్క నుంచి వచ్చేలా నిలబడి, తల పొగలో పెట్టకుండా చెయ్యాలి.

తెల్లగా మెరిసే జి.ఐ. పైపులు, రేకుల మీద జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది, నోరు లోహం రుచి అవుతుంది. మన వైపు చలిజ్వరం అంటే మలేరియా అనుకుంటాం. డాక్టరు గారికి వెల్డింగు సంగతి కూడా చెప్పాలి, రక్తపరీక్ష మానకూడదు. అతికించే చోట పూత, రంగు ముందే గీకెయ్యడం మంచి పద్ధతి.

ఏది ముందు కొనాలి?

మావయ్య నాకు చెప్పిన మాట ఇది: "ఒరేయ్, ముందు కన్ను చూసుకో, తర్వాత చెయ్యి చూసుకో, ఆ తర్వాతే ఇనుము చూడు." డబ్బు తక్కువున్నవాడు ఈ వరసలోనే కొనాలి. మొదట సరైన నంబరు అద్దంతో షీల్డు, తెల్ల కళ్ళద్దాలు. రెండోది తోలు గ్లౌజులు. మూడోది బూట్లు, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నవి. నాలుగోది మాస్కు. నూలు బట్టలు ఇంట్లోనే వెతుక్కోవచ్చు. ఇవన్నీ కుదిరాకే మిషను. చాలామంది మిషను ముందు కొని, మిగిలిన డబ్బుతో షీల్డు కొందామంటారు. డబ్బు మిగలదు.

చూసేవాళ్ళ సంగతి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ చివరి మాట మీ కోసమే. వెల్డింగు చేసేవాడికి షీల్డు ఉంటుంది, చుట్టూ చేరి చూసేవాళ్ళకి ఉండదు. దూరం నుంచి అయినా ఎక్కువసేపు చూస్తే కళ్ళకి దెబ్బే. వెలుగు తెల్ల గోడ మీద పడి కూడా తిరిగి వస్తుంది. మెరుపు కనిపిస్తే వీపు తిప్పి వెళ్ళిపోండి. రాత్రి కళ్ళు మండితే దాచుకోకండి, వార్డెన్ గారికి వెంటనే చెప్పండి.

వార్డెన్ గార్లకి మా మనవి: హాస్టల్లో కిటికీ ఊచలు, మంచాలు బాగు చేయించేటప్పుడు దయచేసి మేము తరగతుల్లో ఉన్న వేళ చూసి చేయించండి. అది కుదరకపోతే ఆ చోటు చుట్టూ పాత రేకులు అడ్డం పెట్టించండి. రేకు అడ్డం ఉంటే చిన్నపిల్లలు కూడా అటు చూడలేరు.