పెద్ద మాటలు బట్టీపడితే బ్యాండ్ పెరగదు

‘‘మావాడికి గ్రామర్ వచ్చండీ, పెద్ద మాటలే రావు. మంచి వొకాబులరీ కోర్సు చెప్పండి.’’ ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాయబోయే పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగేదిదే. పిల్లాణ్ణి ప్రశ్న అడిగితే జవాబూ తండ్రే చెబుతారు! మాట్లాడే అవకాశం ఇంట్లోనే లేనివాడు పరీక్షలో ఎలా మాట్లాడతాడు?

స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమాన విలువే. పదసంపదలో 7 బ్యాండ్ స్కోరు రావాలంటే అరుదైన మాటలు కొన్ని పడాల్సిందే. కానీ ఏ మాట పక్కన ఏది పొసుగుతుందో తెలిసి వాడాలి.

కోరుకున్న కాలేజీలో సీటు రాని సంగతి చెప్పాలనుకోండి. మనవాళ్లు ‘వెరీ శాడ్’ దగ్గర ఆగిపోతారు, లేదా లిస్టులోంచి ‘మెలాంకలీ’, ‘డెస్పాండెంట్’ తీసి గుమ్మరిస్తారు. ఇంగ్లిష్‌వాళ్లు మామూలుగా ‘బిటర్లీ డిజపాయింటెడ్’ అంటారు. ఆ ‘బిటర్లీ’ నిరాశకు, ఏడుపుకు అతుకుతుంది గానీ ‘బిటర్లీ శాడ్’ అంటే వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. బాధపడితే ‘టెరిబ్లీ అప్‌సెట్’, చాలాకాలంగా అసంతృప్తి ఉంటే ‘డీప్లీ అన్‌హ్యాపీ’, ఒక్కసారిగా ఏడ్చేస్తే ‘బర్స్ట్ ఇంటూ టియర్స్’. మనసు బాగోలేదనడానికి ‘ఫీలింగ్ డౌన్’ చాలు. చిన్న దిగులుకే ‘డిప్రెషన్’ అనకండి, అది జబ్బు పేరు.

ఈ జంటమాటలు (కొలొకేషన్లు) నేర్చుకోవడానికి వేలకు వేలు పోయక్కర్లేదు. కేంబ్రిడ్జ్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం. కొనగలిగితే ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీ ఒక్కటి కొనండి. రోజూ ఓ అనుభవం గురించి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. నా ఓటు దీనికే.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల గోడల మీద ‘7 బ్యాండ్ గ్యారంటీ’ అని కనిపిస్తే పక్కకు తప్పుకోండి. స్కోరు వేసేది ఎగ్జామినర్, కోచింగ్ సెంటర్ కాదు. అక్కడ ఇచ్చే రెడీమేడ్ జవాబులు బట్టీపట్టి అప్పజెప్పితే ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు, మార్కులూ తగ్గుతాయి. పొద్దున కాలేజీ, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లిష్, రాత్రి వర్డ్ లిస్టు... ఇక పిల్లాడు నోరు తెరిచేదెప్పుడు?

అయినా చేర్పించి తీరాలంటారా? ముందు డెమో క్లాసుకు పంపండి. గంటలో మీ పిల్లలు ఎన్ని నిమిషాలు మాట్లాడారో అడగండి. ఐదు నిమిషాలు కూడా లేకపోతే ఫీజు కట్టకండి.