అశ్వశక్తి ఎక్కడినుంచి వస్తుంది? - ఒక ట్రాక్ కారు చెప్పే లెక్క

కొన్న కారు ఇంజను శక్తిని ఇంకా పెంచుకోవటం పాశ్చాత్య దేశాల్లో ఒక పెద్ద వ్యాపకం. కంపెనీ ఇచ్చిన బలం చాలక, బయట దొరికే భాగాలు బిగించి, సెలవురోజున రేసు ట్రాకు మీదికి తీసుకుపోయి నడుపుకునేవాళ్ళు ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో ఎందరో ఉన్నారు. మన హాస్టలులో ఈ వ్యాపకం మోటారుసైకిలు సైలెన్సరు దగ్గర ఆగిపోయింది. లోపలి రేకులు పీకేస్తే బండి బలం పెరుగుతుందని ఒక వర్గం, చప్పుడు మాత్రమే పెరుగుతుందని ఇంకో వర్గం. ఈ తగాదాకు నోటి బలం కన్నా ఫిజిక్సు బలం మేలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంటర్మీడియట్ ఫిజిక్సు చదివినవారికి అందని లెక్క ఇందులో లేదు.

ఉదాహరణకు ఒక నిజమైన కారును తీసుకుందాం. కోలిన్ చాప్‌మన్ (1928-1982) స్థాపించిన ఇంగ్లండు కంపెనీ లోటస్. దాని కార్ఖానా నార్‌ఫోక్ జిల్లాలో హెథెల్ అనే చోట, పాత యుద్ధవిమానాల మైదానంలో ఉంది. వారి ఎక్సీజ్ అనే చిన్న కారు రెండవ తరం 2004లో వచ్చింది. రోడ్డు మీద నడపవచ్చు గాని, దాని మనసంతా ట్రాకు మీదే. ఇంజను టొయోటా వారిది; 1796 ఘనసెంటీమీటర్లు, నిమిషానికి 7800 చుట్ల వద్ద సుమారు 190 అశ్వశక్తి. 2006లో అదే ఇంజనుకు సూపర్‌ఛార్జరు అమర్చి ఎక్సీజ్ ఎస్ అనే పేరుతో 218 అశ్వశక్తితో అమ్మారు. 2021లో ఈ కార్ల తయారీ ఆగిపోయింది. సూపర్‌ఛార్జరు లేని పాత కార్లకు అదే పని చేసిపెట్టే బయటి వర్క్‌షాపులూ ఉన్నాయి. ముందు లెక్క, తరువాత లెక్క రెండూ దొరుకుతాయి కాబట్టి ఈ కారు మనకు మంచి పాఠ్యపుస్తకం.

బలం వేరు, శక్తి వేరు

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో ఇంజను అంటే ట్రాక్టరే. 35 అశ్వశక్తి ట్రాక్టరు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక అశ్వశక్తికి 746 వాట్ల చొప్పున అది 26,110 వాట్లు. ఇంజను తిప్పే బలం, అంటే టార్కు, కావాలంటే శక్తిని కోణీయవేగంతో భాగించాలి. 2000 చుట్లకు కోణీయవేగం సెకనుకు 209 రేడియన్లు. భాగిస్తే 125 న్యూటన్ మీటర్లు వస్తుంది.

మరి ఎక్సీజ్ ఇంజను టార్కు ఎంత? గరిష్ఠంగా 181 న్యూటన్ మీటర్లు. ట్రాక్టరుకు ఒకటిన్నర రెట్లు కూడా లేదు! కాని శక్తి అయిదు రెట్లకు పైమాటే. కారణం ఒక్కటే: ట్రాక్టరు ఒకసారి తిరిగేలోపల ఇది నాలుగుసార్లు తిరుగుతుంది. ట్రాక్టరు కూలివాడిలా పెద్ద తట్ట నెమ్మదిగా మోస్తుంది. ఈ ఇంజను ఇంచుమించు అంతే తట్టను పరుగెత్తుతూ మోస్తుంది.

కాబట్టి శక్తిని పెంచే మార్గాలు మూడే: సిలిండర్లు పెద్దవి చేయాలి, లేదా ఇంకా వేగంగా తిప్పాలి, లేదా ఒక్కొక్క గుటకలో ఎక్కువ గాలి మింగించాలి. బజారులో అమ్మే భాగాలన్నీ, ఎంత గొప్ప పేరు పెట్టినా, ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి రావలసిందే.

ఇంజను తినేది గాలి

ఇంజనుకు తిండి పెట్రోలు అనుకుంటాం. బరువు ప్రకారం చూస్తే అది తినేది ప్రధానంగా గాలి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన పూర్తి ఘనపరిమాణమంత గాలి పీలుస్తుంది. 1.796 లీటర్లను 3900తో గుణిస్తే నిమిషానికి సుమారు 7000 లీటర్లు. లీటరు గాలి 1.2 గ్రాముల చొప్పున ఎనిమిది కిలోల పైచిలుకు. పూర్తి శక్తి కావాలంటే పన్నెండున్నర కిలోల గాలికి ఒక కిలో పెట్రోలు కావాలి. అంటే నిమిషానికి పెట్రోలు 700 గ్రాములు కూడా లేదు, గాలి మాత్రం 8 కిలోలు.

పెట్రోలు ఎక్కువ పోయటం ఎవరికైనా తేలిక. గాలి ఎక్కువ పట్టించటమే కష్టం. మా వైపు కొందరు ట్రాక్టరు డీజిలు పంపు స్క్రూ తిప్పించి బలం పెంచుకుంటారు. పొగ నల్లగా వస్తే "బండి బాగా లాగుతోంది" అంటారు. నిజానికి ఆ నలుపు, గాలి చాలక కాలకుండా పోయిన డీజిలే. మా మేనమామ అలాగే తిప్పించారు. రెండు నెలలు బాగానే లాగింది. తరువాత దుక్కుల అదనులో ఒకరోజు వేడెక్కి పిస్టను పట్టేసింది. ఇంజను విప్పి బాగుచేయించేలోపు అదను దాటింది. ఆ ఏడు అద్దె ట్రాక్టరుతో దున్నించుకోవలసి వచ్చింది. స్క్రూ తిప్పటానికి పట్టింది అయిదు నిమిషాలు.

ఇక సైలెన్సరు సంగతి. గాలి లోపలికి పోయే దారి, పొగ బయటికి వచ్చే దారి నున్నగా ఉంటే ఇంజనుకు శ్రమ తగ్గే మాట నిజమే. కాని తయారీదారు ఆ పని చాలావరకు చేసే ఉంటాడు, మిగిలింది కొంచెమే. పైగా పొగగొట్టం పొడవు, లావు, లోపలి అలల రాకపోకలు ఇంజనుకు సరిపడేట్లు కుదిర్చినవి. కొలత లేకుండా పీకేస్తే కొన్ని వేగాల వద్ద బలం తగ్గటానికి కూడా అవకాశం ఉంది. కాబట్టి మన హాస్టలు తగాదాలో రెండవ వర్గానిదే గెలుపు.

ఇంకా వేగంగా తిప్పితే?

ఈ ఇంజనులో పిస్టను ప్రయాణం 85 మిల్లీమీటర్లు. నిమిషానికి 8000 చుట్ల వద్ద పిస్టను సగటు వేగం సెకనుకు 22.7 మీటర్లు. దాని కన్నా భయపెట్టేది త్వరణం. క్రాంకు వ్యాసార్ధం 4.25 సెంటీమీటర్లు, దానిని కోణీయవేగపు వర్గంతో గుణిస్తే గురుత్వ త్వరణానికి సుమారు మూడువేల రెట్లు వస్తుంది. అంటే పావుకిలో పిస్టను, పైకొసన వెనక్కు తిరిగే క్షణంలో, 750 కిలోల మూటలా కనెక్టింగు రాడ్డును లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు 133 సార్లు!

8000ను 9000 చేస్తే చుట్లు పెరిగేది ఎనిమిదో వంతే. బలం వర్గంలో పెరుగుతుంది కాబట్టి రాడ్డు మీద లాగుడు 27 శాతం పెరుగుతుంది. అందుకే వేగపరిమితి ఎత్తేసే ముందు రాడ్లు, బోల్టులు, వాల్వు స్ప్రింగులు మార్చాలి. గేరు తప్పు పడి హద్దు దాటి తిరిగినప్పుడు ఈ ఇంజనులో ఆయిలు పంపు గేర్లు పగిలే ప్రమాదం ఉందని ట్రాకు మీద నడిపేవారికి బాగా తెలుసు.

గాలిని దట్టించటం

మిగిలింది మూడవ మార్గం. గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రం సూపర్‌ఛార్జరు. ఎక్సీజ్ ఎస్‌లో వాడింది రూట్స్ తరహాది. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలిపంపుకు ఇది వారసురాలు. ఆ పంపు పుట్టింది కొలుములకు, కార్ఖానాలకు గాలి ఊదటానికి. కారు సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు చుర్రుమనటం అందరికీ అనుభవమే. ఇక్కడా అదే జరుగుతుంది. 27 డిగ్రీల గాలిని, అంటే 300 కెల్విన్ల గాలిని, ఒకటిన్నర రెట్లు పీడనానికి నొక్కామనుకుందాం. ఏ నష్టమూ లేని ఆదర్శ పంపయితే అది 337 కెల్విన్లకు వేడెక్కుతుంది. పంపు సామర్థ్యం 60 శాతమయితే 361 కెల్విన్లకు, అంటే 88 డిగ్రీలకు పోతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పీడనం 50 శాతం పెంచినా సాంద్రత పెరిగేది 25 శాతమే. సగం లాభం వేడిలో పోయింది.

అందుకే ఇంటర్‌కూలరు. నొక్కిన గాలిని రేకుల గొట్టాలలోంచి పంపి చల్లార్చి 50 డిగ్రీలకు దించితే సాంద్రత లాభం 39 శాతానికి పెరుగుతుంది. ఎక్సీజ్ ఎస్ కప్పు మీద కనబడే గాలినోరు అలంకారం కాదు. వెనుక ఇంజను మీద ఉన్న ఇంటర్‌కూలరుకు చల్లగాలి అందించే దారి.

చల్లార్చటానికి ఇంకో కారణం కూడా ఉంది. సూపర్‌ఛార్జరు లేని ఈ ఇంజనులోనే సంపీడన నిష్పత్తి 11.5. ముందే నొక్కిన వేడిగాలిని అంతగా మళ్ళీ నొక్కితే, నిప్పురవ్వ అంటించిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. ఇదే నాకింగ్. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, ఆలస్యంగా పుట్టే నిప్పురవ్వ, కాస్త ఎక్కువ పెట్రోలు - ఇవి దీనికి మందులు. ఈ మోతాదులన్నీ ఇంజను కంప్యూటరులో మళ్ళీ రాయాలి. సూపర్‌ఛార్జరు బిగించి ఆ లెక్క రాయకపోవటం, జ్వరం చూడకుండా మందు పోయటం వంటిది.

లీబిగ్ సూత్రం ఇంజనుకు కూడా

పంతొమ్మిదవ శతాబ్దపు జర్మను రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారం చేసిన సూత్రం ఒకటి రైతుబిడ్డలందరికీ తెలియాలి. పంట దిగుబడిని నిర్ణయించేది ఎక్కువగా వేసిన ఎరువు కాదు, అన్నిటికన్నా తక్కువ పడిన పోషకం. జింకు లేని మడిలో యూరియా ఎన్ని బస్తాలు చల్లినా ఫలితం అంతంతే. పైగా యూరియా మరీ ఎక్కువయితే వరి ఏపుగా పెరిగి, కాండం ఆగలేక, గాలివానకు పడిపోతుంది. ఇంజనులో అదనపు అశ్వశక్తి కూడా యూరియా వంటిదే. కాండం ఆగుతుందా అన్నదే ప్రశ్న.

మొదట ఆయిలు చూద్దాం. మంచి టైర్ల మీద ఈ కారు మలుపులో గురుత్వ త్వరణమంత పక్క త్వరణం తెచ్చుకుంటుంది. అప్పుడు సంపులోని ఆయిలు ఉపరితలం 45 డిగ్రీలు వాలుతుంది. ట్రాలీలో నీళ్ళ డ్రమ్ము మలుపు దగ్గర ఎలా ఒకపక్కకు ఎగబాకుతుందో అలాగే. ఆయిలు పీల్చే గొట్టం గాలి పీల్చిందంటే బేరింగులు కొన్ని క్షణాలు ఎండిపోతాయి. 8000 చుట్ల వద్ద ఆ కొన్ని క్షణాలు చాలు. దీనికి మందు సంపులో అడ్డురేకులు. ఖరీదు తక్కువ, ఫలం ఎక్కువ.

తరువాత బ్రేకులు. మనిషితో సహా టన్ను బరువున్న కారు గంటకు 200 నుంచి 80 కిలోమీటర్లకు దిగితే సుమారు 13 లక్షల జౌళ్ళ గతిజశక్తి వేడిగా మారుతుంది. 30 డిగ్రీల నీళ్ళు నాలుగు లీటర్లకు పైగా మరిగించే వేడి అది, ఒక్క మలుపుకు! శక్తి పెంచినందువల్ల అదే చోటికి 210తో వచ్చామనుకోండి: వేగం అయిదు శాతమే పెరిగింది, వేడి 12 శాతం పెరిగింది.

ఇంతకీ లాభమెంత?

190 నుంచి 218కి శక్తి పెరిగింది 15 శాతం. కారు బరువు కూడా సుమారు 875 కిలోల నుంచి 935కు పెరిగింది. ఆ పెరుగుదల అంతా సూపర్‌ఛార్జరుదే కాకపోవచ్చు, కాని మోయవలసింది ఇంజనే. కిలోకు ఎంత శక్తి అని చూస్తే లాభం 7 శాతానికి దిగింది. గరిష్ఠ వేగం సంగతి ఇంకా విచిత్రం. గాలి నిరోధానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 15 శాతం శక్తికి దక్కేది 5 శాతం వేగమే.

మలుపులోనో? అక్కడ ఇంజనుకు ఓటే లేదు. 50 మీటర్ల వ్యాసార్ధపు మలుపులో, ఘర్షణ గుణకం 1.1 అయితే, గంటకు 84 కిలోమీటర్లకు మించి ఏ ఇంజనూ తిప్పలేదు. అదే మెత్తటి టైర్లతో 1.2 అయితే 87. చాప్‌మన్ జీవితమంతా బరువు తగ్గించటానికే పెనుగులాడటంలోని రహస్యం ఇదే. బరువు తగ్గితే త్వరణం, బ్రేకు, టైరు అన్నీ ఒక్కసారే బాగుపడతాయి. శక్తి పెరిగితే త్వరణం బాగుపడి తక్కిన వాటి మీద భారం పడుతుంది.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారుకు సూపర్‌ఛార్జరు కావాలని టిమ్ బర్కిన్ అనే రేసువీరుడు పట్టుబట్టాడు. కారు సృష్టికర్త డబ్ల్యు. ఓ. బెంట్లీకి అది ఇష్టం లేదు. పెద్ద ఇంజను, తక్కువ శ్రమ ఆయన మార్గం. రోడ్డు కారు శక్తి 110 నుంచి 175కు పెరిగింది. 1930 లమాన్ 24 గంటల పందెంలో సూపర్‌ఛార్జరు కార్లు రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్ కార్లు మొదటి రెండు స్థానాలు గెలిచాయి. అయితే అదే సంవత్సరం పో పట్టణంలో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బర్కిన్ అదే తరహా కారుతో రెండవ స్థానం తెచ్చాడు. కాబట్టి సూపర్‌ఛార్జరు చెడ్డదని కాదు. ఎంతసేపు, ఎంత భారం అన్న లెక్క కుదరాలి.

చివరగా

ఈ విద్యను గౌరవించేవారు పాటించే వరుస ఇది: ముందు నడిపేవాడికి శిక్షణ, తరువాత టైర్లు, బ్రేకులు, ఆ తరువాత ఆయిలు, చల్లదనం. ఇంజను శక్తి అన్నిటికన్నా ఆఖరున. మన కుర్రకారు వరుస దీనికి తలకిందులు. పైగా తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చటం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కుదరదు. సరదా ఉన్నవారికి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటైలో ట్రాకు ఉంది. కాలేజీ గేటు ముందున్న రోడ్డు ట్రాకు కాదు.

ఇంజను అబద్ధమాడదు. మనం ఇచ్చిన గాలిని, వేడిని, భారాన్ని కూడి, తీసివేసి, జవాబు చెబుతుంది. ఆ లెక్క మనం ముందు కాగితం మీద వేసుకుంటే ఖర్చు ఒక పెన్సిలు. వేసుకోకపోతే అదే లెక్కను ఇంజను తన లోహం మీద వేసి చూపిస్తుంది.