ఇంటి లోపల కళ్ళం

కోతలయ్యాక మన ఊళ్ళల్లో కళ్ళం ఎక్కడ చేస్తాం? ఆరుబయటే కదా. నేల చదును చేసి, అలికి, పంట నూర్చి, గాలి వీచినప్పుడు తూర్పారబడతాం. మరి కోతల కాలంలో కూడా వానలు పడే దేశంలో ఏం చెయ్యాలి? ఇంగ్లండులో కళ్ళాన్నే ఇంట్లోకి తెచ్చుకున్నారు.

అక్కడి పెద్ద భూస్వాముల ఎస్టేట్లలో భవనానికి కొంచెం దూరంగా వ్యవసాయపు కొట్టాలుండేవి. కేంబ్రిడ్జిషైర్‌లోని వింపోల్ ఎస్టేట్‌లో అలాంటివి నేటికీ ఉన్నాయి. 1794లో హార్డ్‌విక్ ప్రభువు కోసం జాన్ సోన్ అనే ఆర్కిటెక్టు వాటికి ప్లాను గీశాడు. ఈయన తాపీమేస్త్రీ కొడుకు. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు భవనాలు కట్టించింది కూడా ఈయనే. అంతటివాడు ఇక్కడి పెద్ద కొట్టానికి పెట్టింది చెక్క గోడలు, పూరికప్పు! మనది పూరిల్లని చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్ళు వింటున్నారా?

ఇలాంటి కొట్టాలకు ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు ఉంటాయి. పంట మోపులతో నిండిన బండి లోపలికి వచ్చేటంత ఎత్తు. ఆ రెండు తలుపుల మధ్య నేలే కళ్ళం. చలికాలమంతా కూలీలు అక్కడ గోధుమ, బార్లీ కంకుల్ని కర్రలతో బాదేవారు. కర్ర చివర తోలుతో ఇంకో పొట్టి కర్ర కట్టి ఉంటుంది. రెండు తలుపులూ తీస్తే గాలి సూటిగా దూసుకుపోతుంది, పొట్టు ఎగిరిపోతుంది, గింజ కింద పడుతుంది. అంటే ఆ తలుపులే వాళ్ళ తూర్పార.

గడ్డి పక్కనున్న దొడ్డిలోకి పోతుంది. పశువులు దాన్ని తొక్కి ఎరువు చేస్తాయి. అది మళ్ళీ పొలానికే. గాదెలనైతే పుట్టగొడుగు ఆకారం రాళ్ళ మీద నిలబెట్టేవారు. ఎలుక రాయి ఎక్కినా పైనున్న గొడుగు దాటలేదు. కొన్ని కొట్టాల గోడల్లో పైన గుడ్లగూబ రావడానికి కన్నం కూడా వదిలేవారు. ఎలుకల్ని పడుతుందని!

తర్వాత నూర్పిడి మిషన్లు వచ్చాయి. చలికాలంలో కూలీలకు దొరికే ముఖ్యమైన పని పోయింది. వాళ్ళు ఏం తినాలి? 1830లో కెంట్ ప్రాంతంలో మొదలై ఎన్నో జిల్లాల్లో కూలీలు ఆ మిషన్లు పగలగొట్టారు. ప్రభుత్వం 19 మందిని ఉరితీసింది. దాదాపు 500 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా వైపు పంపించేసింది. కొట్టం కట్టించిన ప్రభువు పేరు, గీసిన ఆర్కిటెక్టు పేరు మనకు తెలుసు. లోపల కర్ర పట్టుకుని బాదినవాళ్ళ పేర్లు ఏ గోడ మీదా చెక్కలేదు.

వింపోల్ ఆఖరి యజమానురాలు ఎల్సీ బాంబ్రిడ్జ్. మౌగ్లీ కథ రాసిన కిప్లింగ్ కూతురు. 1976లో ఆమె చనిపోతూ ఎస్టేట్‌ను నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చింది. ఇప్పుడక్కడ అరుదైన జాతుల గొర్రెలు, ఆవులు, పందులు పెంచుతున్నారు. పిల్లలు చూడడానికి వెళ్తుంటారు.