దద్దుకు కారణం ఏ బట్టో పట్టుకోవడం ఎలా?

ఒళ్లు దురద పెట్టగానే చాలామంది సబ్బు మార్చేస్తారు. అంతకన్నా ముందు అద్దంలో చూసుకోండి. దద్దు ఎక్కడ లేచిందో ఆ చోటే చాలా సంగతులు చెబుతుంది.

బొడ్డు కింద రూపాయి బిళ్లంత మేర పొక్కితే జీన్స్ గుండీలోని నికెల్‌ను అనుమానించాలి. నడుం చుట్టూ పట్టీలా వస్తే ఎలాస్టిక్‌లోని రబ్బరు రసాయనాలను. లంగా బొందు దగ్గర ఒరుసుకుని నల్లబడటం మాత్రం ఎక్కువగా రాపిడి వల్లే. బొందు తీసేసి వెడల్పాటి పట్టీ కుట్టించుకుంటే చాలావరకు తగ్గుతుంది. చంక గుంటలోనే వస్తే డియోడరెంట్, గుంటను వదిలి చుట్టూ అంచుల్లో వస్తే చొక్కా. పూర్వం బట్టలు తారుమారు కాకుండా నల్లజీడి రసంతో గుర్తులు వేసేవారు. ఆ గుర్తు ఆనిన మెడ మీద పొక్కేది!

తర్వాత, గత మూడు రోజుల్లో వేసుకున్నవన్నీ కాగితం మీద రాయండి. ఇలా బట్ట తగిలి వచ్చే ఎలర్జీ బయటపడటానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి ఇవాళ్టి చొక్కా మీద నేరం మోపకండి.

రెండు మూడు వారాలు పాత, వదులైన, లేతరంగు నూలు బట్టలే కట్టండి. నూలు దానంతటది పెద్దగా ఎలర్జీ తెప్పించదు. రంగులు, పైపూతలతోనే పేచీ. ముదురు నీలం, నలుపు పాలిస్టర్‌లో వాడే డిస్పర్స్ రంగులు కొన్ని చెమటకు చర్మంలోకి దిగుతాయి. ముడతలు పడని ప్యాంట్లకు ఫార్మాల్డిహైడ్ రెజిన్ పట్టించి ఉండొచ్చు. లేబుల్ మీద ‘నూరు శాతం కాటన్’ అని ఉన్నా సరే. కొత్త బట్ట ఉతికి కడితే మేలే గానీ, రెజిన్ పూర్తిగా పోదు.

దద్దు తగ్గాక ఒక్కో బట్టే మళ్లీ వేసుకుని చూడండి, మధ్యలో నాలుగేసి రోజులు ఆగుతూ. బొబ్బలెక్కి నీరు కారినవాళ్లు ఈ ప్రయోగం జోలికి పోవద్దు.

మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము రాసుకోవడం నాకు అసలు నచ్చని పని. ఆ దద్దు తామరే అయితే, క్రీముతో రూపు మార్చుకుని ఇంకా పాకుతుంది.

తగ్గకపోతే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద అంటించిన పట్టీలు 48 గంటలు ఉంచుతారు, తీశాక ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు. అనుమానమున్న బట్ట లోపలి కుట్టు నుంచి చిన్న ముక్క కత్తిరించి వెంట తీసుకెళ్లండి. దాన్నీ అంటించి చూడొచ్చు.